టెర్రస్ మీద సూర్యుడు, ల్యాప్‌టాప్‌లో నక్షత్రాలు: ఒక ప్రాజెక్టు డైరీ

నవంబర్ 2024

ముందు ప్రాజెక్టు ఏమిటో రాసుకుంటాను. సూర్యుడిలాంటి నక్షత్రం తన చుట్టూ తాను ఎన్ని రోజులకు తిరుగుతుంది? దాని అయస్కాంత క్షేత్రం ఎంత చురుగ్గా ఉంటుంది? లోపల అది ఎలా కంపిస్తుంది? ఇంట్లో కూర్చుని ఈ మూడింటికీ ఎంతవరకు జవాబు రాబట్టగలమో చూడాలి. సూర్యుడికి మా టెర్రస్ మీది టెలిస్కోప్ ఉంది. మిగతా నక్షత్రాలకు కెప్లర్, టెస్ అంతరిక్ష టెలిస్కోపుల డేటా ఉంది. అది ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు.

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. మేనల్లుడు చరణ్ బీటెక్ మూడో ఏడు. పైథాన్ ప్రోగ్రాములు వాడి పని, పెన్సిలూ స్కేలూ నా పని. ఇల్లు తార్నాకలో. హైదరాబాద్ రాత్రి ఆకాశం సంగతి అందరికీ తెలిసిందే, నాలుగు చుక్కలు కనబడితే గొప్ప. పగలు మాత్రం సూర్యుడికి వీధిలైట్లు అడ్డం రావు.

టెలిస్కోప్ 80 మిల్లీమీటర్ల రిఫ్రాక్టర్. ముందు మూతి మీద సోలార్ ఫిల్టర్ ఫిల్మ్ బిగించాం. ఫిల్టర్ ఎప్పుడూ పెద్ద కటకం ముందే ఉండాలి, కళ్ళు పెట్టే వైపు కాదు. పక్కనుండే, గురి చూసుకునే చిన్న ఫైండర్‌ను ఊడదీసి లోపల పెట్టేశాం. ఆదివారం పిల్లలు పైకి వస్తే అందులోంచి చూడబోయేది వాళ్ళే.

మొదలుపెట్టడానికి మంచి సమయం ఇది. 2019 డిసెంబర్‌లో మొదలైన 25వ సౌరచక్రం (అయస్కాంత క్షేత్రం వల్ల పుట్టే నల్లమచ్చలు సుమారు 11 ఏళ్ళకోసారి పెరిగి తగ్గే వరస) గరిష్ఠ దశకు చేరిందని మొన్న అక్టోబర్‌లోనే నాసా, అమెరికా వాతావరణ సంస్థ నోవా ప్రకటించాయి. మే నెలలో వచ్చిన సౌర తుఫానుకు లడఖ్‌లోని హాన్లే నుంచి కూడా అరోరా (ఆకాశంలో రంగుల వెలుగు) కనబడింది. ఇప్పుడు మా ఫిల్టర్‌లోంచి చూస్తే మచ్చలు లేని రోజంటూ లేదు.

పద్ధతి మామూలుదే. ఫోన్‌తో ఫోటో తీసి, 15 సెంటీమీటర్ల వృత్తంగా ప్రింట్ చేసి, మచ్చల స్థానాలు గుర్తిస్తాం. తూర్పు పడమర తెలియడానికి టెలిస్కోప్‌ను సూర్యుడితో పాటు తిప్పే మోటార్ ఆపేసి ఒక మచ్చను కాసేపు చూస్తే చాలు, అది జారిపోయే దిక్కే పడమర. ఈ తూర్పు పడమర గీత గుర్తించకుండా తీసిన ఫోటో చూడటానికి బాగుంటుంది కానీ కొలతకు పనికిరాదు.

డిసెంబర్

పొద్దున పొగమంచు పోయాక తొమ్మిది, పది మధ్య గాలి బాగా నిలకడగా ఉంటోంది. మధ్యాహ్నానికి కింది సిమెంటు వేడెక్కి సూర్యుడి అంచు నీళ్ళలో చూసినట్టు ఊగుతుంది.

మచ్చ వృత్తం మధ్యలో ఉన్నప్పుడు రోజుకు సుమారు 1.7 సెంటీమీటర్లు కదులుతోంది. అంచు దగ్గరకు వచ్చేసరికి అదే మచ్చ రోజంతా కలిపి రెండు మిల్లీమీటర్లు జరుగుతుంది. గోళం మీది కదలికను బల్లపరుపు కాగితం మీద చూస్తున్నాం కాబట్టి ఇలా. మధ్యనుంచి మచ్చ దూరాన్ని వ్యాసార్ధంతో భాగించి సైన్ విలోమం తీస్తే కోణం వస్తుంది. మచ్చ మధ్యరేఖకు దగ్గర్లో ఉంటే ఈ మోటు లెక్క చాలు. రోజుకు 13.2 డిగ్రీల చుట్టుపక్కల తేలుతోంది, అంటే ఒక చుట్టుకు 27 రోజులు.

"నెట్‌ల 25 అని ఉంది గదా మామా?" అన్నాడు చరణ్. భూమి కూడా సూర్యుడి చుట్టూ అదే దిక్కులో రోజుకు దాదాపు ఒక డిగ్రీ ముందుకు పోతోంది. ఆ డిగ్రీ కలిపితే 14.2. 360ని దానితో భాగిస్తే 25 రోజుల పైచిలుకు. నక్షత్రాల నేపథ్యంలో సూర్యుడి అసలు భ్రమణ కాలం అది. అదీ మధ్యరేఖ దగ్గర మాత్రమే. ధ్రువాల దగ్గర 35 రోజుల దాకా పడుతుంది. సూర్యుడు గట్టి బంతి కాదు, ఒక్కో అక్షాంశం ఒక్కో వేగంతో తిరుగుతుంది. అయస్కాంత క్షేత్రం మెలికలు పడటానికి ఈ తేడా ఒక ముఖ్య కారణం.

ఇంతవరకు పుస్తకంలో ఉన్నదే వచ్చింది. అసలు ప్రశ్న ఇక మొదలు. నక్షత్రం ఒక్క చుక్కగా కనబడితే, వృత్తమూ లేదు, మచ్చా లేదు. వెలుతురు పెరగడం, తగ్గడం ఒక్కటే మిగులుతుంది. అప్పుడు భ్రమణ కాలం ఎలా పట్టాలి?

జనవరి

సంక్రాంతి వారం టెర్రస్ మా చేతిలో లేదు. మాంజా టెలిస్కోప్‌కు చుట్టుకోకుండా లోపల పెట్టేసి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం.

మొదటి నక్షత్రం కప్ప వన్ సెటి. మనకు 30 కాంతి సంవత్సరాల దూరం. సూర్యుడి జాతిదే, కానీ వయసు యాభై అరవై కోట్ల ఏళ్ళకు మించదు. సూర్యుడికి 460 కోట్ల ఏళ్ళు. టెస్ దీన్ని చూసిన ఒక సెక్టార్ డేటాను లైట్‌కర్వ్ అనే పైథాన్ లైబ్రరీతో దించాడు చరణ్. సెక్టార్ అంటే 27 రోజులు. మధ్యలో ఉపగ్రహం డేటాను భూమికి పంపే సమయంలో ఒక ఖాళీ ఉంటుంది. అయినా గ్రాఫ్ గీయగానే అలలు కంటికే కనిపించాయి. పెద్ద మచ్చల గుంపు మనవైపు తిరిగినప్పుడు వెలుతురు తగ్గుతుంది, అవతలికి పోతే పెరుగుతుంది. తొమ్మిది రోజులకు కాస్త అటూ ఇటూగా లోయ మళ్ళీ వస్తోంది. 2003 నుంచి కెనడా వాళ్ళ మోస్ట్ ఉపగ్రహం మూడేళ్ళు దీన్ని చూస్తే, మచ్చలు వేర్వేరు అక్షాంశాల్లో వేర్వేరు కాలాలతో తిరుగుతున్నట్టు తేలింది. మధ్యరేఖ దగ్గర సుమారు 8.8 రోజులు. సూర్యుడిలో ఉన్న తేడా ఇక్కడా ఉందన్నమాట.

చిన్న వయసు నక్షత్రం వేగంగా తిరుగుతుంది. వేగంగా తిరిగేది గట్టి అయస్కాంత క్షేత్రం పుట్టిస్తుంది. ఆ క్షేత్రాన్ని పట్టుకుని బయటికి వీచే నక్షత్ర పవనం భ్రమణ వేగాన్ని మెల్లగా లాగేస్తుంది. 1972లో ఖగోళశాస్త్రజ్ఞుడు స్కుమానిచ్ రాసిన సంబంధం ప్రకారం భ్రమణ కాలం వయసు వర్గమూలంతో పెరుగుతుంది. వయసు తొమ్మిది రెట్లయితే భ్రమణ కాలం మూడు రెట్లు. కప్ప వన్ సెటికీ సూర్యుడికీ వేసి చూడండి, బాగానే కుదురుతుంది.

మరి దీనిలో కంపనాలు? అదే డేటాకు పవర్ స్పెక్ట్రమ్ (ఏ వేగంతో సాగే కంపనం ఎంత బలంగా ఉందో చూపే గ్రాఫ్) తీస్తే ఏమీ లేదు. చరణ్ స్కేలు మార్చి మార్చి చూశాడు. ఒట్టి నాయిస్.

ఫిబ్రవరి

కంపనాల కోసం కెప్లర్ డేటాకు పోయాం. కెప్లర్ పట్టికలో నక్షత్రం నంబరు కేఐసీ 10963065, ఇంకో పేరు కెప్లర్-408. లైట్‌కర్వ్ లైబ్రరీ వాళ్ళు పాఠాల్లో వాడే నక్షత్రమే ఇది. నేర్చుకునేవాడికి జవాబు సరిచూసుకునే వీలుండాలి కదా.

కెప్లర్ డేటా రెండు రకాలు. 29.4 నిమిషాలకు ఒక కొలత ఒకటి, 58.85 సెకన్లకు ఒక కొలత రెండోది. సూర్యుడిలాంటి నక్షత్రాల కంపనం నిమిషాల్లో సాగుతుంది. సూర్యుడికైతే అయిదు నిమిషాలు. అరగంటకోసారి చూస్తే 283 మైక్రోహెర్ట్జ్ (పది లక్షల సెకన్లకు 283 కంపనాలు) దాటి ఏమీ దొరకదు, మనకు కావలసింది రెండు మూడు వేల మైక్రోహెర్ట్జ్ దగ్గర. కాబట్టి నిమిషం డేటాయే దిక్కు. నెలనెలా ఒక ఫైలు. చరణ్ ల్యాప్‌టాప్‌కు ర్యామ్ ఎనిమిది జీబీలే, రెండేళ్ళది ఒకేసారి ఎక్కిస్తే బిగుసుకుపోయింది. ఫైళ్ళను ముక్కలుగా శుభ్రం చేసి, కలిపి, రాత్రంతా వదిలేశాం. కరెంటు పోతుందేమోనని టెన్షన్ ఒకటి.

పొద్దున చూస్తే 2,200 మైక్రోహెర్ట్జ్ దగ్గర చక్కటి గుట్ట! నేను అనుకున్నదానికన్నా స్పష్టంగా ఉంది. నక్షత్రం పై పొరల్లో వాయువు ఉడికి పొర్లుతూ ఉంటే శబ్ద తరంగాలు పుడతాయి. అవి లోపల చిక్కుకుని అటూ ఇటూ తిరుగుతూ కొన్ని పౌనఃపున్యాల దగ్గర మాత్రమే నిలబడతాయి. ఒక్కో కంపనం వల్ల నక్షత్రం వెలుతురు మారేది పది లక్షల్లో కొన్ని వంతులు. ఆ కాస్త మార్పును అంత దూరం నుంచి పట్టుకోవడం నాకింకా వింతగానే ఉంది.

గుట్టలో శిఖరాలు సమాన దూరంలో వరసగా ఉన్నాయి. ఆ దూరం 103 మైక్రోహెర్ట్జ్. సూర్యుడికి గుట్ట మధ్య 3,090, శిఖరాల దూరం 135. ఈ దూరం నక్షత్రం సగటు సాంద్రత మీద, గుట్ట స్థానం ఉపరితల గురుత్వం మీద ఆధారపడతాయి. ఉష్ణోగ్రత 6,100 కెల్విన్ పైచిలుకు తీసుకుని సూర్యుడితో పోల్చి లెక్క కడితే వ్యాసార్ధం సూర్యుడికి 1.26 రెట్లు, ద్రవ్యరాశి 1.17 రెట్లు. ప్రచురితమైన వ్యాసార్ధానికి ఇది దగ్గరే. ద్రవ్యరాశి మాత్రం పరిశోధన పత్రాల్లో 1.1 దగ్గర ఉంది. ద్రవ్యరాశి సూత్రంలో గుట్ట స్థానానికి మూడో ఘాతం, శిఖరాల దూరానికి నాలుగో ఘాతం ఉన్నాయి, చిన్న తేడా కూడా అక్కడ బాగా పెరుగుతుంది. ఎండలో స్కేలుతో మచ్చలు కొలిచే చేతికి ఇది చాలా గొప్ప ఫలితం అనే అంటాను.

భ్రమణానికి అదే నక్షత్రం అరగంట డేటా తీసుకున్నాం. ఇక్కడ ఒక చిక్కు. కెప్లర్ డేటాలో మిషన్ వాళ్ళు శుభ్రం చేసినది ఒకటి, ముడి డేటా ఒకటి. శుభ్రం చేసినదాంట్లో యంత్రం లోపాలతో పాటు నెమ్మదిగా మారే అసలు మార్పులు కూడా కొంత కొట్టుకుపోతాయి. ఇరవై రోజులు దాటిన భ్రమణం వెతికేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. ముడి డేటాలోనేమో మూడు నెలలకోసారి (ఆ మూడు నెలలను క్వార్టర్ అంటారు) గెంతు. సోలార్ ప్యానెళ్ళు సూర్యుడివైపు ఉండటానికి కెప్లర్‌ను 90 డిగ్రీలు తిప్పేవారు, దాంతో నక్షత్రం వేరే సీసీడీ (కెమెరా సెన్సర్) మీద పడేది. అతుకులు సరిచేసి ఆటోకోరిలేషన్ (గ్రాఫ్‌ను దానిమీదే జరిపి, ఎన్ని రోజులకు అదే తీరు మళ్ళీ వస్తుందో చూడటం) వేస్తే 12, 13 రోజుల మధ్య గుర్తు కనబడింది. పత్రాల్లోనూ అంతే.

అంటే తిరుగుడూ కంపనమూ రెండూ ఒకే నక్షత్రంలో దొరికాయి. చరణ్‌కు హుషారు. నాకు మాత్రం కప్ప వన్ సెటిలో ఏమీ దొరక్కపోవడమే ఎక్కువ ఆసక్తిగా ఉంది. 27 రోజుల డేటా తక్కువన్నది ఒక కారణం. రెండో కారణం అయస్కాంతం. గట్టి అయస్కాంత క్షేత్రం వాయువు పొర్లడాన్ని అణుస్తుంది, పొర్లడం తగ్గితే శబ్దం తగ్గుతుంది. 2011లో కెప్లర్ నక్షత్రాల మీద వచ్చిన పరిశోధనలో చురుకుదనం ఎక్కువున్న నక్షత్రాల్లో కంపనాలు దొరికే అవకాశం బాగా పడిపోయింది. అదే ఏడు 500 సూర్యసమ నక్షత్రాల్లో కంపనాలు దొరికాయి, అవి ఎక్కువగా నెమ్మదైనవి. మచ్చలు బాగా కనబడే నక్షత్రం సరిగా పాడదు, బాగా పాడేదానికి మచ్చలు కనబడవు. కెప్లర్-408 మధ్యలో ఎక్కడో ఉంది.

మార్చి

ఇది డైరీలో నాకు బాగా నచ్చిన నెల. సూర్యుడినే దూరపు నక్షత్రం అనుకుని చూస్తే?

సోర్స్ అనే ఉపగ్రహం 2003 నుంచి 2020 దాకా సూర్యుడి మొత్తం వెలుతురును కొలిచింది. రోజువారీ విలువలు ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో దొరుకుతాయి. చదరపు మీటరుకు 1,361 వాట్ల చుట్టూ తిరిగే అంకెలు. దీన్ని ఎవరిదో తెలియని నక్షత్రం లైట్ కర్వ్ అనుకుని అదే ప్రోగ్రాంలో వేశాం. 2003 అక్టోబర్ చివర్లో పెద్ద మచ్చలు వచ్చినప్పుడు 0.3 శాతం లోయ ఉంది. అది ఎవరికైనా కనబడుతుంది. మరి 27 రోజుల భ్రమణం?

ఒక ఏడాదిది వేస్తే ఒక జవాబు, ఇంకో ఏడాదిది వేస్తే ఇంకో జవాబు. కొన్ని ఏళ్ళకు అసలు జవాబే లేదు. మా టెర్రస్ కాగితాల్లో కారణం ఉంది. చాలా మచ్చలు ఒక చుట్టు కూడా నిలవవు, అంచు దాటి పోయినవి తిరిగి వచ్చేసరికి చెదిరిపోతాయి. పైగా మచ్చల చుట్టూ ఉండే ప్రకాశవంతమైన ఫేకులాలు మచ్చ తగ్గించిన వెలుతురును కొంత పూడ్చేస్తాయి. సంవత్సరాల లెక్కన చూస్తే ఫేకులాలదే పైచేయి, మచ్చలు ఎక్కువున్న ఏడాదే సూర్యుడు 0.1 శాతం ఎక్కువ వెలుగుతాడు.

"అయితే మన సూర్యుడు కెప్లర్ల ఉంటే తిరుగుడు తెల్వనోళ్ళ లిస్టుల పడేటోడా?" అన్నాడు చరణ్. చాలావరకు అంతే. 2014లో కెప్లర్ చూసిన 1,33,030 నక్షత్రాల్లో వెతికితే 34,030కి మాత్రమే భ్రమణ కాలం దొరికింది. మిగతా దాదాపు లక్షకు దొరకలేదు. 2020లో ఇంకో పత్రం. సూర్యుడిలాంటి ఉష్ణోగ్రత, 20 నుంచి 30 రోజుల భ్రమణం ఉన్న 369 నక్షత్రాల వెలుతురు సగటున సూర్యుడికంటే అయిదు రెట్లు ఎక్కువ మారుతోందట. సూర్యుడు నిజంగా శాంతస్వభావుడా, లేక భ్రమణం దొరికినవే అల్లరి నక్షత్రాలు కాబట్టి అలా కనిపిస్తోందా? నేను రెండోదానివైపే మొగ్గుతాను. మా ప్రోగ్రాంకు దొరికే నక్షత్రాలు, సూర్యుడిలాంటి నక్షత్రాలు అనేవి రెండు వేర్వేరు గుంపులు. పత్రికల్లో "సూర్యుడి కవల" అని చదివినప్పుడల్లా ఇకమీద దాన్ని ఎలా ఎంచారో ముందు చూస్తాను.

ఏప్రిల్

ఎండలు ముదిరాయి. పొద్దున ఎనిమిదికే ఫోటో తీసి దిగిపోవాలి, లేకపోతే ట్రైపాడ్ ముట్టుకోలేం. కింది ఇంటి ఆంటీ "ఎండల ఏం జేస్తున్నరు సారూ, వడదెబ్బ తగుల్తది" అని మజ్జిగ పంపారు.

ఈ నెల కాల్షియం. నక్షత్రం వర్ణపటంలో ఊదారంగు చివర కాల్షియం హెచ్, కె అనే రెండు నల్లని గీతలు ఉంటాయి. అయస్కాంత చురుకుదనం ఉంటే ఆ నలుపు మధ్యలో సన్నటి వెలుగు కనబడుతుంది. వెలుతురు గ్రాఫ్‌లో మచ్చా ఫేకులా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, కాల్షియంలో ఆ గొడవ లేదు.

దీనికి హైదరాబాద్‌తో ఒక లంకె ఉంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ తర్వాత బేగంపేటకు మారింది. అక్కడ పనిచేసిన ఒక ఖగోళశాస్త్రజ్ఞుడి కొడుకు వైను బప్పు. నిజాం కాలేజీలో చదివాడు. అమెరికా వెళ్ళి ఖగోళశాస్త్రజ్ఞుడు ఓలిన్ విల్సన్‌తో కలిసి, కాల్షియం కె గీత మధ్య వెలుగు ఎంత వెడల్పుంటే నక్షత్రం అసలు ప్రకాశం అంత ఎక్కువని 1957లో చూపాడు. అదే విల్సన్ 1966లో మౌంట్ విల్సన్ అబ్జర్వేటరీలో కొన్ని పదుల నక్షత్రాల కాల్షియం వెలుగును ఏళ్ళ తరబడి కొలవడం మొదలుపెట్టాడు. మన సూర్యుడి 11 ఏళ్ళ చక్రం లాంటిది వేరే నక్షత్రాల్లోనూ ఉందని 1978లో ప్రకటించాడు. పన్నెండేళ్ళు ఓపిక పట్టి ఒకే పని చేయడం! ఇవాళ ప్రాజెక్టు గ్రాంట్ల లెక్కలో అది కుదరని పని.

ఆ సర్వేలో 1995 వరకు ఉన్న కొలతలు బయట దొరుకుతున్నాయి. 61 సిగ్ని-ఏ అనే నక్షత్రానిది గీశాం. సూర్యుడికంటే చిన్నది, చల్లనిది. ఏడేళ్ళ పైచిలుకు చక్రం, ప్రోగ్రాం అక్కర్లేకుండానే కనబడుతుంది. తర్వాత టౌ సెటి వేశాం, గీత గీసినట్టు చదును. చక్రం లేదా, లేక మనం చూసిన కాలంలో నిద్రపోతోందా? సూర్యుడు కూడా 1645 నుంచి 1715 దాకా మచ్చలు దాదాపు లేకుండా గడిపాడు కదా.

మే

16 సిగ్ని ఏ, బి అనే జంట. రెండూ సూర్యుడిలాంటివే, వయసు 700 కోట్ల ఏళ్ళ దగ్గర. కెప్లర్ లెక్కలో ఇవి మరీ ప్రకాశవంతమైనవి, సీసీడీ పిక్సెళ్ళు నిండి పొర్లిపోతాయి. అందుకని వెలుతురును మేమే కొలవకుండా, ప్రచురితమైన పౌనఃపున్యాల పట్టిక తీసుకుని ఎషెల్ పటం గీశాం. స్పెక్ట్రమ్‌ను సమాన ముక్కలుగా కోసి ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. పోచంపల్లి చీర నేతలో రంగు ముడి కొలత సరిగ్గా పడితేనే డిజైన్ నిలబడినట్టు, ముక్క పొడవు సరిగ్గా ఉంటేనే చుక్కలు నిలువు వరసల్లో నిలబడతాయి. 16 సిగ్ని-ఏకు అది 103.3 మైక్రోహెర్ట్జ్, 16 సిగ్ని-బికి 117 దగ్గర. చరణ్ స్లైడర్ ఒకటి రాశాడు, అటూ ఇటూ జరిపితే వరసలు వాలిపోవడం, మళ్ళీ లేవడం చూడొచ్చు. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపిస్తున్నాడు.

పక్కపక్కన ఉండే రెండు వరసల మధ్య సందు సూర్యుడికి 9 మైక్రోహెర్ట్జ్. ఇక్కడ అంతకంటే తక్కువ. కేంద్రంలో హైడ్రోజన్ ఖర్చయి హీలియం పెరిగేకొద్దీ అక్కడ శబ్దం వేగం మారి, ఆ సందు తగ్గుతుంది. నక్షత్రం వయసు తెలిసేది దీన్నిబట్టే.

ఈ జంటకు మచ్చల ద్వారా భ్రమణం దొరకదు, అంత ప్రశాంతం. దొరికింది కంపనాల ద్వారానే. నక్షత్రం తిరుగుతుంటే ఒక్కో శిఖరం చిన్న చిన్న ముక్కలుగా చీలుతుంది. చీలిక అర మైక్రోహెర్ట్జ్ కూడా ఉండదు. 27 రోజుల డేటాతో విడదీయగలిగేది 0.43 మైక్రోహెర్ట్జ్ వరకే, పైగా శిఖరం మందమే ఒక మైక్రోహెర్ట్జ్ దాకా ఉంటుంది. కెప్లర్ రెండున్నరేళ్ళు కన్నార్పకుండా చూస్తేనే అది సాధ్యమైంది. వచ్చిన జవాబు రెండింటికీ 23, 24 రోజులు. సూర్యుడికంటే 240 కోట్ల ఏళ్ళు పెద్దవి, కానీ సూర్యుడికంటే కాస్త వేగంగానే తిరుగుతున్నాయి! స్కుమానిచ్ సూత్రం ప్రకారం ముప్పై దాటాలి. నడివయసు దాటాక అయస్కాంత బ్రేకు పట్టు సడలుతుందని 2016లో వచ్చిన వాదనకు ఇలాంటి నక్షత్రాలే ఆధారం. భ్రమణం చూసి వయసు చెప్పే గడియారం ఒక వయసు దాకానే నమ్మదగిందన్నమాట.

జూన్ 2025

మబ్బులు. టెలిస్కోప్‌ను బీరువా పైకి ఎక్కించాం. మచ్చల కాగితాలు ఫైల్ చేసి పెట్టాను, దసరా తర్వాత మళ్ళీ కొనసాగిస్తాం. చక్రం కనిష్ఠానికి దిగే దాకా ఇదే పద్ధతిలో గీయాలని ఉంది, చరణ్ ఉద్యోగానికి ఏ ఊరు పోతాడో మరి.

ల్యాప్‌టాప్ పని మాత్రం ఆగలేదు. కెప్లర్ నక్షత్రాల్లో కంపనాలు దొరికిన వాటిని పట్టికలోంచి తీసి, వాటి భ్రమణాన్ని ఇద్దరం విడివిడిగా, ఒకరి జవాబు ఒకరు చూడకుండా కొలుస్తున్నాం. చాలావాటికి ఇద్దరిదీ ఒకటే వస్తోంది. ఒకదాని దగ్గర మాత్రం గొడవ వచ్చింది. చరణ్ 14 రోజులంటాడు, నేను 28 అంటాను. నక్షత్రానికి ఎదురెదురు వైపుల రెండు మచ్చల గుంపులు ఉంటే వెలుతురు ఒక చుట్టులో రెండుసార్లు తగ్గుతుంది, ప్రోగ్రాం సగం కాలాన్నే పట్టుకుంటుంది. ఆటోకోరిలేషన్‌లో రెండో శిఖరం మొదటిదానికంటే ఎత్తుగా ఉందని నా వాదన. "గా ఎత్తు ఒక్క క్వార్టర్‌లనే ఉంది మామా, మిగతావాట్ల లేదు" అని వాడి వాదన. కంపనాల చీలికతో తేల్చుకుందామంటే ఈ నక్షత్రానికి నిమిషం డేటా ఒక్క నెలదే ఉంది. ప్రస్తుతానికి పట్టికలో రెండు అంకెలూ రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాం.